ముగ్గురికి వండిన అన్నం

అతణ్ణి అందరూ డోలు అనే పిలిచేవారు. చిన్నప్పుడు బొజ్జ చూసి అక్క ముద్దుగా పెట్టిన పేరు అది. మీసాలొచ్చినా, తల నెరవడం మొదలైనా ఆ పేరు పోలేదు. అమ్మానాన్నలు పోయాక అక్కే పెంచింది. ఆమె పెళ్ళయ్యాక బావ అతణ్ణి కూడా వెంట తెచ్చుకుని, తనకు తెలిసిన పనే నేర్పాడు. ఎత్తైన భవనాలు కట్టేచోట క్రేన్ నడపడం ఆ పని. డోలుకు పెళ్ళి సంబంధాలు ఒకటీ అరా వచ్చాయి గానీ ఏదీ కుదరలేదు. పిల్లాజెల్లా లేని ఆ రెండు గదుల ఇంట్లో ముగ్గురే ఒకరికొకరు.

క్రేన్ క్యాబిన్ అంటే ఆకాశంలో నిలబెట్టిన అద్దాల పెట్టె. అందులో ఒక కుర్చీ, చేతుల కింద రెండు మీటలు. దాన్ని చేరాలంటే ఇనుప స్తంభం లోపలి నిచ్చెన ఎక్కాలి. పొద్దున ఎక్కితే బావా బావమరుదులు సాయంత్రం దాకా దిగేవారు కారు. దిగి మళ్ళీ ఎక్కే ఓపిక ఎవరికుంది? అన్నం డబ్బా తాడుకు కట్టి పైకి లాక్కునేవారు. మంచినీళ్ళు తాగితే ఊరికే కిందికి దిగాల్సి వస్తుందని, గొంతు తడుపుకోవడానికి గుక్కెడు గుక్కెడుగా చప్పరించే కూల్ డ్రింకు సీసా పక్కన పెట్టుకునేవారు. కూర్చున్న కుర్చీలోనే తిండి, కునుకు అన్నీ. ఇద్దరూ ఏటికేడు లావెక్కుతూ వచ్చారు.

"ఆయాసం మనకి కాదురా, మనల్ని మోసే నిచ్చెనకి" అని బావ నవ్వించేవాడు.

ఆ రోజు ఇద్దరికీ ఒకేచోట, ఎదురెదురు క్రేన్ల మీద పని పడింది. బావ ఇనుప చువ్వల కట్టను ఎత్తాడు. అది సగం ఎత్తులో ఆగిపోయింది. కింద సైగలు చేసే మనిషి వాకీటాకీలో ఎంత పిలిచినా జవాబు లేదు. డోలు తన అద్దంలోంచి అటు చూశాడు. బావ తల పక్కకు వాలి అద్దానికి ఆనుకుని ఉంది.

"బావా! బావా, పలుకు!"

పలకలేదు. డోలు ఉన్నపళంగా మీటలు వదిలేసి నిచ్చెన దిగాడు. బావ క్రేన్ వైపు పరిగెత్తాడు. అప్పటికే ఇద్దరు వెల్డర్లు బావ దగ్గరికి ఎక్కేశారు. ఊపిరి ఆడుతోందని పైనుంచి అరిచారు. కానీ నిచ్చెన దారిలో అంతస్తు అంతస్తుకూ ఉండే ఇనుప తలుపు ఇరుకు. స్పృహ లేని అంత పెద్ద మనిషిని అందులోంచి దించడం వాళ్ళ తరం కాలేదు.

సూపర్‌వైజరు డోలు చొక్కా పట్టుకుని ఊపేశాడు. "ఎందుకు దిగావయ్యా? నీ క్రేనుకి మనిషి పట్టే బుట్ట కట్టి దింపాలి. నువ్వు తప్ప నడిపేవాడెవడున్నాడిక్కడ?"

డోలు మళ్ళీ ఎక్కాడు. ఎక్కాడనడం కంటే పాకాడనాలి. ప్రతి మజిలీలో కమ్మీ పట్టుకుని వేలాడాడు. కళ్ళు బైర్లు కమ్మాయి, ఛాతీ కొలిమి తిత్తిలా ఎగిసిపడింది. కింద నుంచి ఎవరో "తొందరగా! తొందరగా!" అని అరుస్తూనే ఉన్నారు. పైకి చేరాక మీటల మీద చేతులు నిలవడానికి ఇంకొంతసేపు పట్టింది. ఆ తర్వాత బావను మాత్రం పసిబిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తినంత నెమ్మదిగా దించాడు. బుట్ట నేల తాకేసరికి ఊపిరి లేదు.

ఇంకాస్త ముందు తెస్తే బతికేవాడా అని ఆసుపత్రిలో అడిగాడు. చెప్పలేమన్నారు. ఆ చెప్పలేమన్న మాటే అతని మెడకు చుట్టుకుంది.

అక్క నెల తిరక్కుండానే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడింది. బియ్యం ఆమె ఎన్నడూ డబ్బాతో కొలవలేదు, పిడికిలే కొలత. ఆ పిడికిలికి మనిషి పోయిన సంగతి తెలియలేదు. రోజూ ముగ్గురికే వండేది. మిగిలింది పారేయడానికి చేతులు రాక కొంత తమ్ముడి డబ్బాలో కుక్కేది, కొంత తాను పొయ్యి పక్కన నిలబడే గిన్నెలోంచి తినేది. డబ్బాలో మెతుకు మిగిలొస్తే చాలు, ఆమె కళ్ళు నిండేవి.

"బాలేదా? ఆయనైతే ఊడ్చి పెట్టేవాడు."

దాంతో డోలు ఊడ్చి పెట్టడం నేర్చుకున్నాడు. చనిపోయినవాడి భాగం కూడా తానే తిన్నాడు. ఆకలై తిన్నది తక్కువ, అక్క ఏడవకూడదని తిన్నది ఎక్కువ.

బావ పోయాక కంపెనీవాళ్ళు క్రేన్ నడిపేవాళ్ళందరికీ వైద్య పరీక్ష పెట్టారు. డోలు ఎక్కగానే కాటా ముల్లు గిర్రున తిరిగింది. రక్తపోటు కూడా హద్దు దాటింది. బరువు తగ్గేదాకా పైకి ఎక్కనివ్వమని చెప్పి గేటు దగ్గర కాపలాకు వేశారు.

పట్టుదలకొచ్చి డోలు తిండి మానేశాడు. టీ నీళ్ళతో గడిపి, డబ్బాలో అన్నం కుక్కలకు పెట్టాడు. వారం తిరక్కుండా గేటు ముందే కళ్ళు తిరిగి పడ్డాడు. క్లినిక్‌లో నర్సమ్మ సెలైన్ పెడుతూ చీవాట్లు పెట్టింది.

"మాడమని ఎవరు చెప్పారు? నాలుగు రోజులు మాడతావు, ఐదో రోజు ఆవురావురుమని రెండింతలు తింటావు. అన్నం సగం చెయ్యి, కూరలు రెండింతలు చెయ్యి. ఆ సీసా పారేసి నీళ్ళు తాగు. రోజూ నడువు. పొద్దుపోకముందే తిను, కంటినిండా పడుకో. వారానికోసారి కాటా ఎక్కు, రోజూ ఎక్కి బెంగపడకు."

"అంతేనా?"

"అంతే. కానీ బతికినన్నాళ్ళూ చెయ్యాలి. అదే కష్టం."

అసలు కష్టం ఎక్కడుందో ఆ సాయంత్రమే తెలిసింది. కంచంలో సగం అన్నం తీసి గిన్నెలో వేయబోతే అక్క అతని చెయ్యి పట్టుకుంది.

"ఏంట్రా ఇది?"

"తగ్గించమన్నారక్కా. ఇంత వండకు ఇకనుంచి. నూనె కూడా..."

"అంటే? నా చేతి వంటే ఆయన్ని చంపిందంటావా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు, నీ కంచం చెప్తోంది." ఆమె అతని చెయ్యి వదిలేసింది. మెల్లగా, గుచ్చినట్టు అంది. "నేను వండి చంపితే, మరి నువ్వు? ఊపిరున్న మనిషి పైన ఎదురుచూస్తుంటే ఎంతసేపు ఎక్కావురా? నాకు తెలీదనుకున్నావా? పక్క వీధి వెల్డర్ పెళ్ళాం ఆ రోజే చెప్పింది."

డోలు కంచం మీద నుంచి లేచాడు. ఇద్దరూ ఒకరి గుండెలో ఉన్నది ఇంకొకరు బయటికి లాగేశారు. తిరిగి లోపల పెట్టే దారి లేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆ ఇంట్లో మాటల్లేవు. ఆమె పాత కొలతతోనే తన అన్నం తాను వండుకునేది. అతను కూరగాయలు తెచ్చుకుని, చేతకాకపోయినా ఉడకబెట్టుకునేవాడు. బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచేవాడు. మొదట్లో గోడలు పట్టుకుని నడిచాడు, తర్వాత మామూలుగా నడిచాడు. బరువు తగ్గింది, పెరిగింది, కదలకుండా మొండికేసింది, మళ్ళీ తగ్గింది. "డోలు పగిలిందిరోయ్" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే నవ్వేవాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకోవడానికి మనిషి మాత్రం లేదు.

అతను తన కాటాకేసి చూసుకుంటున్నంతకాలం అక్కకేసి చూడలేదు. ఇప్పుడామె ముగ్గురి అన్నం ఒక్కతే తింటోంది. ఓ రోజు ఆమె కుంటుతుంటే చూసి అడిగాడు. చెప్పు కరిచిందంది. గదిలో పుండు వాసన వచ్చాక గానీ బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. చక్కెర జబ్బు ఎప్పటినుంచో ఉందన్నారు. కుళ్ళు పాకకముందే కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు.

మంచం పక్కన కూర్చున్న తమ్ముణ్ణి ఆమె చాలాసేపు చూసింది. "చిక్కిపోయావురా" అంది.

"తగ్గానక్కా. చిక్కిపోలేదు."

"రెంటికీ తేడా నాకు తెలీదు. అమ్మానాన్నలు పోయాక మన ఇంట్లో తిండి ఎప్పుడు నిండుగా ఉందని? నీకు పెట్టి నేను నీళ్ళు తాగి పడుకున్న రోజులున్నాయి. గిన్నె నిండుగా ఉంటేనే నాకు ధైర్యం."

డోలుకు ఆ రోజులు గుర్తులేవు. అప్పుడతను మరీ చిన్నవాడు. ఆమె కాలి కట్టు మీద దుప్పటి సర్దాడు. ఆ రోజు అన్న మాటలకు ఇద్దరూ క్షమాపణ అడగలేదు. అడిగితే తీరేవి కావవి.

మరుసటేడు పరీక్షలో నెగ్గి డోలు మళ్ళీ క్యాబిన్‌లో కూర్చున్నాడు. మధ్యాహ్నం దిగి, నేల మీదే తిని, మళ్ళీ ఎక్కుతాడు. ఇంట్లో వంట ఇప్పుడతనిదే. అక్క స్టూలు మీద కూర్చుని కూరలు తరుగుతుంది. నిలబడి గిన్నెలోంచి తినడం మానేసి, తమ్ముడితోపాటే కంచం ముందు కూర్చుంటోంది. మందు వేసుకుంటుంది, ఒకోసారి కావాలనే మరిచిపోతుంది. సాయంత్రం ఆమెకు తన భుజం ఆసరా ఇచ్చి వీధి చివరిదాకా నడిపిస్తాడు. కొన్నాళ్ళు వస్తుంది, కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటుంది.

నిన్న కూర నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఉప్పు చాల్లేదు."

"అంతే వేయాలక్కా."

ఆమె ఉప్పు డబ్బాకేసి చూసింది. లేవలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.