తలుపు తీయకముందు దణ్ణం

ప్రొఫెసర్ వరహాలమ్మ గారు ఇక లేరన్న వార్త సోమవారం ఉదయం అనకాపల్లి స్టేషన్లో రైలు దిగుతుండగా ఫోన్లో విన్నాను. మూత్రపిండాల కేన్సరు ముదిరిందని తెలుసు, రోజులు దగ్గరపడ్డాయనీ తెలుసు. అయినా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏ వ్యాధిపై జీవితమంతా పోరాడారో ఆ వ్యాధే ఆవిడను పొట్టన పెట్టుకుందన్న కోపం నాకింకా చల్లారలేదు.

బెల్లం వండే కుటుంబంలో పుట్టి, పెద్ద చదువులు చదివి, తిరిగి ఈ ఊరి కాలేజీలోనే పరిశోధనశాల పెట్టిన విదుషీమణి మా మేడమ్. కణితి లోపలికి రక్తం సరిగా అందదు, ప్రాణవాయువు కరువవుతుంది. ఆ కరువులో కేన్సరు కణం ఒక ప్రొటీనును పోగుచేసుకుని, దాని సాయంతో కొత్త రక్తనాళాలను రప్పించుకుని మరింత బలుస్తుంది. ఆ ప్రొటీనును అణచే మందు కోసమే మేడమ్ అన్వేషణ. చెరకు రైతులకు మాత్రం, "గాలాడని గదిలో కూడా కాపురం ఎట్టేసే మొండిదిది. ఆ మొండితనం మీదే దెబ్బ కొట్టాల," అని చెప్పేవారు.

ప్రాణవాయువు తగ్గించిన గాజుపెట్టెలో, చిన్న చిన్న డిష్షుల్లో ఆ కణాలను పెంచేవాళ్ళం. పెట్టె తలుపు తీసి బయటికి తెచ్చామా, గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ప్రొటీను కరిగిపోతుంది. అందుకే తీసిన మరుక్షణమే కణాలను చిదిపి పరీక్షకు సిద్ధం చేయాలి.

పోయిన ఏడాది డాక్టర్లు ఇస్తున్న మందు మేడమ్‌కు పనిచేయడం మానేసింది. సరిగ్గా అప్పుడే మా కొత్త మందు పరీక్ష నా చేతికొచ్చింది. మాది రాజయ్యపేట. మా నాన్న వల పడవలోకి ఎక్కించే ముందు దాన్ని రెండు చేతులా పట్టుకుని నూకాలమ్మ అమ్మవారి గుడి వైపు తిరిగి దణ్ణం పెడతాడు. నాకూ అదే అలవాటు. మందు వేయని డిష్షుల పని ముగించి, మందు వేసినవి బయటికి తీశాను.

ఫలితం చూసి అందరం గంతులేశాం. మందు వేసిన డిష్షుల్లో ప్రొటీను జాడే లేదు. మేడమ్ మాత్రం నవ్వలేదు. పని మీద పట్టుదల వస్తే ఆవిడకు ఊరి మాటే వచ్చేది.

"అప్పలరాజూ, ఏటేటి సేసేవో నిమిషం నిమిషం సెప్పు."

చెబుతూ వచ్చాను.

"మందు డిష్షులు తీసేక?"

"కిటికీ కాడ నిలబడి, అవి సేతుల్లో ఎట్టుకుని నూకాలమ్మకి దణ్ణం ఎట్టుకున్నాను మేడమ్. మీ కోసం."

"ఎంతసేపు?"

"తెలీదు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడితే బాగుణ్ణనిపించింది. ఆ ఫలితాన్ని ఒప్పుకుంటే మందు తర్వాతి దశకు వెళుతుంది. ఆవిడకు మిగిలిన ఆశ అదొక్కటే.

"మందే పని సేసిందేమో మేడమ్," అన్నాను.

"సేసుండొచ్చు. గాలి సేసిన పనీ అయ్యుండొచ్చు. నాకు బతకాలనుందిరా. అందుకే దీన్ని నమ్మలేను. మళ్ళీ సెయ్యి. ఈసారి అంతా పెట్టె లోపలే."

రెండు రోజులు నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. పెట్టెకున్న గ్లౌజుల్లో చేతులు దూర్చి, ఒక్క డిష్షూ బయటికి తీయకుండా లోపలే కణాలను చిదిపాను. ప్రొటీను ఉంటే తెర మీద నల్లటి గీత పడుతుంది. అది పడకూడదని మనసులో మొక్కుకుంటూనే ఉన్నాను. గీతలు పడ్డాయి. మందు వేసినవాటిలోనూ, వేయనివాటిలోనూ ఒకేలా, నల్లగా.

మేడమ్ నోటుపుస్తకం లాక్కుని, "ఈ మందు పనిచేయలేదు" అని రాసి సంతకం పెట్టారు. నేనే భోరుమన్నాను.

"దణ్ణం ఎట్టొద్దనలేదురా," అన్నారు నా భుజం తట్టి. "తలుపు తియ్యకముందే ఎట్టుకో. తీసేక కణం నీ కోసం ఆగదు."

పాఠం చెప్పేవారు ఎందరైనా దొరుకుతారు. సొంత ప్రాణం మీది ఆశను సైతం పరీక్షకు నిలబెట్టే గురువు నాకు మళ్ళీ దొరకరు. ఈ లోటు పూడదు, పూడాలని నాకూ లేదు.

అంత్యక్రియల మర్నాడు పరిశోధనశాలకు వెళ్ళాను. పెట్టెలో మరో కొత్త మందు సిద్ధంగా ఉంది. తలుపు తీయకముందే చేతులు జోడించాను. ఏడాదిగా ఆ దణ్ణం ఆవిడ బతకాలని. ఆ రోజు ఆవిడకే పెట్టాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, గ్లౌజుల్లో చేతులు దూర్చి పని మొదలుపెట్టాను.