అందరికీ మల్లక్క అంచే

కోడుమూరులో చీరలు నేసే మల్లక్క కూతురు రాజేశ్వరి. రోజూ బస్సులో కర్నూలు పోయి వస్తూ ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుంది. 2004లో మా నేతగాళ్ల సంఘంలో చేరింది. నేను అక్కడ గుమాస్తాను. ఆ కంప్యూటరు పెట్టె అంటే నాకు మొదటి నుంచీ మంటే. ఆ పిల్ల పట్టుదల చూశాక నా మంట ఎంతసేపు ఉంటుంది!

చెదలు పట్టిన అంచు డిజైన్ల కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టింది. నేసేవాళ్ల పేరు కొడితే వాళ్ల అంచు అచ్చయి రావాలని లినక్సులో ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరసగా చేయాల్సిన పనుల చీటీ, రాసింది. కొట్టిన పేరు వేరియబుల్ అనే ఖాళీ గడిలో పడుతుంది. బ్రాకెట్ల లోపలి కమాండు ఆ పేరును జాబితాలో వెతికి, దొరికిన ఫైలు పేరును ప్రింటరు కమాండుకు అందిస్తుంది. నాకు ఇంత అర్థమయ్యేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

సభ్యులందరూ కూడిన రోజు మా అధ్యక్షుడు హనుమన్న తేల్చేశాడు.

"ఈ పొద్దు పని జేస్తే సరి. లేకుంటే పెట్టెతో పాటు పాప కూడా ఇంటికి పోవాల్సిందే."

మొదట తిమ్మన్న పేరు కొట్టింది. కాగితం పైన తిమ్మన్న అని ముచ్చటగా వచ్చింది. కింద మామిడిపిందెల అంచు!

"ఇది నాది గాదు, మల్లక్కది" అన్నాడు తిమ్మన్న.

నరసింహ పేరు కొడితే మళ్లీ మామిడిపిందెలే. మూడోసారీ అంతే. ఇంక చూడండి నవ్వులు!

"ఊర్లో అందరమూ మల్లక్క చీరలే నెయ్యాల గదప్పా!" అన్నారెవరో.

రాజేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది.

"నవ్వింది శాలు! పాపను సూసుకోనీండప్పా" అని అరిచాను.

ఆమె స్క్రిప్టు తెరిచి చూసి నెత్తి కొట్టుకుంది. మొదట్లో సరిచూడటానికి తల్లి పేరు పెట్టింది. తర్వాత కాగితం పైన అచ్చయ్యే పేరు చోట వేరియబుల్ పెట్టింది గాని, బ్రాకెట్ల లోపల మల్లక్క పేరు అట్లాగే ఉండిపోయింది. ఎవరి పేరు కొట్టినా లోపల వెతికేది మల్లక్కనే! ఆ పేరు చెరిపేసి, డాలరు గుర్తుతో వేరియబుల్‌ను అక్కడ పెట్టింది.

తిమ్మన్నకు నెమళ్లు వచ్చాయి. నరసింహకు రుద్రాక్షలు వచ్చాయి. హనుమన్న తన అంచు కూడా అచ్చు వేయించుకుని చూసుకున్నాడు.

"శానా బాగుండాది. పాప ఈడనే ఉంటాది" అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అంతలో మల్లక్క వెనక నుంచి లేచి వచ్చింది.

"ఏమే, నా పేరు తీసేసినావంట?"

"తీసేసినానమ్మా. ఇప్పుడు ఎవురు అడిగితే వాళ్లది వస్తాది."

"అయితే నేనూ అడుగుతా."

రాజేశ్వరి తల్లి వేలు పట్టుకుని ఒక్కో అక్షరం నొక్కించింది. మామిడిపిందెలు బయటికొచ్చాయి. మల్లక్క ఆ కాగితం రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించింది.

"ఇది మాత్రం నాదేనప్పా!"