నాయనమ్మ పథ్యం... సోలెడు కూర

మా చిన్నప్పుడు ఒక పొద్దున... అవ్వ ఉడికిన సొరకాయ ముక్కల గిన్నె మీద కొంగు కప్పి, లక్సెట్టిపేటలో కిరాణా దుకాణం ముందు నిలబడింది. ఇత్తడి సోల పట్టుకుని నేను ఆమె వెనకే...

అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న. మాది నేతపని ఇల్లు. బాపు మగ్గం నేస్తే నాయనమ్మ నూలు కండెలు చుట్టేది. ఆ ఏడు నాయనమ్మ కాలికి పుండు లేచి ఎంతకూ మానలేదు. మిషన్ దవాఖాన డాక్టరమ్మ చూసి చక్కెర జబ్బు అన్నది. అన్నం తగ్గించి, పూటకు పావుసేరు ఉడికిన కూరగాయలు పెట్టమన్నది. లేకపోతే కాలు దక్కదని గట్టిగా చెప్పింది.

ఇంట్లో తక్కెడ ఎక్కడిది? బియ్యమైనా పప్పైనా సోలతో కొలుచుకోవడమే...

దుకాణం శంకరయ్య నవ్వాడు. "కాయగూరలు జోకుత గని, వండిన కూర జోకుడేందక్కా?"

"మా అత్తమ్మ కాలు మానాలె తమ్మీ... జర జోకు."

ఆయన నవ్వు ఆగిపోయింది. తక్కెడలో రెండు వైపులా మోదుగాకులు పరిచి, పావుసేరు ముక్కలు జోకి ఇచ్చాడు. అవ్వ వాటిని సోలలో వేసి చూసింది. అంచుకు కొంచెం తక్కువగా వచ్చాయి. ఇంకోరోజు గోరుచిక్కుడు తీసుకెళితే, అదే పావుసేరు సోల నిండి పైన గోపురం కట్టింది. తోటకూర మాత్రం గంపెడు ఆకు ఉడికి, అణిగి, సోలలో ఒదిగిపోయింది. ఏ కూర ఎంతవరకు రావాలో అవ్వ అలా గుర్తు పెట్టుకుంది.

తీరా వడ్డించబోతే నాయనమ్మ పళ్లెం పక్కకు నెట్టింది.

"వచ్చిపోయేటోళ్ళకు గూడ ఏనాడూ కొలిచి పెట్టలే నేను. ఇయ్యాల నా ఇంట్ల నాకే కొలుస్తున్నవా?"

ఆ పూట ఆమె తినలేదు. మజ్జిగ ఇచ్చినా ముట్టలేదు. బాపు బతిమాలాడు, కోప్పడ్డాడు... లాభం లేకపోయింది. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మర్నాడు అవ్వ అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. బాపుకు సోలెడు కూర, నాకు సోలెడు, తమ్ముడికి సోలెడు. అన్నం అందరికీ ఒక్కో పిడికెడే.

"గిదేందే?" అన్నాడు బాపు.

"అత్తమ్మకు ఒక్కదానికే ఎందుకు కొలుస్త? ఇంట్లందరికి ఇగ గిదే."

తమ్ముడు రెండు ముద్దల్లో అన్నం తినేసి, ఖాళీ పళ్లెం నాకుతూ అవ్వ వైపు చూశాడు. నాయనమ్మ అది చూసింది.

"పోరగాండ్లకు గట్ల కొలువకే... కడుపునిండ పెట్టు వాళ్ళకు," అన్నది. తర్వాత తన పళ్లెం దగ్గరికి లాక్కుంది. "నాకెంత పెట్టాల్నో గంత పెట్టు. తింట."

చలికాలం పోయేసరికి పుండు మానింది. నాయనమ్మ ఆసిఫాబాద్‌లో ఉన్న మేనత్త ఇంటికి బస్సెక్కి వెళ్లి, మనవరాలి పేరు పెట్టే వేడుక చూసి వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పథ్యం, ఒక్కో వేళ... ఎవరి పళ్లెం వాళ్ళు తీసుకుని, ఫోన్ చూస్తూ తినేస్తున్నాం. మీ ఇళ్లలో ఒకరి పథ్యం కోసం అందరూ నోరు కట్టుకున్న రోజులుంటే రాయండి, చదవాలని ఉంది... పక్కవాళ్ళు కడుపునిండా తిన్నారో లేదో చూసే కళ్ళు మన ఇళ్లలో ఎప్పుడు తగ్గిపోయాయో, నాకైతే గుర్తులేదు.