ఎప్పుడూ నాలుగో స్థానమే... మా సుధాకర్ అంకుల్

మా చిన్నప్పుడు దోహాలో శుక్రవారం మధ్యాహ్నం ఎవరికీ అన్నం సరిగ్గా దిగేది కాదు... నాన్న పెరుగన్నం సగంలో వదిలేసి, కారు తాళాలు ఆడిస్తూ గుమ్మంలో అటూ ఇటూ తిరిగేవారు.

"యల్లా, యల్లా! పదండి, అక్కడ మొదలెట్టేస్తారు!"

అమ్మ ఇంకా మరచెంబులో నీళ్ళు పోస్తూనే ఉండేది.

మదీనత్ ఖలీఫాలో మా ఇల్లు. అక్కణ్ణుంచి షమాల్ వెళ్ళే దారిలో కొంత దూరం పోయి పక్కకి తిరిగితే ఒక చదును నేల ఉండేది. దాంట్లో కోడిగుడ్డు ఆకారంలో ఇసుక ట్రాక్. ఎవరో తెల్ల ఇంజినీర్లు సరదాకి మొదలుపెట్టిన బైకు పందాలు... ఒక్కో పందెంలో నలుగురు మనుషులు, నాలుగు చుట్లు. ఆ బళ్ళకి బ్రేకులుండవు. మలుపు రాగానే వెనక చక్రాన్ని జారనిచ్చి, ఎడమ కాలు నేలకి రాస్తూ తిప్పాలి.

మన తెలుగువాళ్ళలో ఆ బండెక్కే ధైర్యం ఒక్క సుధాకర్ అంకుల్‌కే ఉండేది. కాకినాడ మనిషి. గ్యారేజీలో మెకానిక్కు. నజ్మాలో ఒక గదిలో తోటివాళ్ళతో కలిసి ఉండేవాడు.

ధైర్యమైతే ఉండేది గానీ... గెలుపు ఉండేది కాదు.

ఇంజన్లు మొదలవగానే, వాటిలో పోసే ఆముదం మాడిన వాసన వచ్చేది. నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. అడ్డంగా కట్టిన తాడు లేవడం ఆలస్యం, అంకుల్ అందరికంటే ముందు దూసుకుపోయేవాడు. మేమంతా ఎగిరి గంతులేసేవాళ్ళం. మొదటి మలుపులో బండి బయటికి కొట్టుకుపోయేది... అంతే. దుమ్ము తగ్గేసరికి నాలుగోవాడు మా వాడే. వారం వారం ఇదే వరస. అయినా మళ్ళీ వారం వచ్చేదాకా మాకు కుదురుండేది కాదు.

ఒక శీతాకాలం, విజిట్ వీసా మీద పద్మ ఆంటీ వచ్చింది. అంకుల్ భార్య. కాకినాడలో టీచరు. ఆ వారమే అంకుల్ మా ఇంటికొచ్చి, హాల్లో కూర్చోలేక, నిలబడలేక, నాన్న దగ్గర బయటపెట్టాడు.

"అన్నయ్యగారూ, కొంప మునిగిందండీ. నేనిక్కడ ఛాంపియన్నని చెప్పేశాను ఆవిడకి. నిమల్ కప్పు పట్టుకుని ఫోటో దిగి పంపాను కూడానండీ..."

నిమల్ అంటే శ్రీలంక ఆయన. ఎప్పుడూ గెలిచే మనిషి.

ఇక ఆ వారమంతా నాన్నకి స్థిమితం లేదు. టీవీ పెడతారు, కట్టేస్తారు. బాల్కనీలోకి వెళ్తారు, వస్తారు. శుక్రవారం గ్రౌండుకి చేరగానే నేరుగా నిమల్ దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, హిందీలో ఏదో బతిమాలారు. ఈ ఒక్కసారికి వెనకబడమని.

నిమల్ దాచుకునే మనిషి కాదు. వెళ్ళి అంకుల్‌నే అడిగేశాడు, నువ్వు చెప్పమన్నావా అని.

అంకుల్ హెల్మెట్ చేతిలో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మొహం... ఆ రోజు ఎర్రగా ఉంది.

"వద్దండీ అన్నయ్యగారూ. పొద్దస్తమానం ఎవడో చెప్పినట్టు తిరుగుతాం ఈ దేశంలో. ఇదొక్కటే నా ఇష్టానికి చేసేది. ఓడితే ఓడతాను. నా ఓటమి నాకొదిలెయ్యండి."

నాన్న వచ్చి నా పక్కన నిలబడ్డారు. అమ్మ పక్కన పద్మ ఆంటీ కూర్చుని ఉంది, కొంగు బిగించుకుని, కళ్ళు ట్రాక్ మీదే పెట్టి.

తాడు లేచింది. అంకుల్ ముందు. మొదటి మలుపు... బండి జారింది గానీ ఆగింది! రెండో మలుపు కూడా దాటాడు. ఒక చుట్టు మొత్తం ముందే ఉన్నాడు. నాన్న నా భుజం నొక్కేస్తున్నారు, నాకు నొప్పని కూడా తెలియలేదు. రెండో చుట్టులో నిమల్ దాటాడు. మూడో చుట్టులో ఇంకొకాయన. చివరి మలుపులో బండి మళ్ళీ బయటికి కొట్టుకుపోయింది, పడి లేచేసరికి... నాలుగో స్థానం.

మా గుంపంతా చప్పబడిపోయింది. ఆంటీ ఒక్కతే లేచి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది.

అంకుల్ దుమ్ము కొట్టుకుని, తల వంచుకుని వచ్చాడు. "పద్మా... అదీ... ఇవాళ బండి..."

"ఆ ఫోటోలో కప్పు మీద పేరు ఇంగ్లీషులో ఉంది" అంది ఆంటీ. "నేను చదవలేననుకున్నారేంటి?"

అంకుల్ హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అయినా వచ్చాను కదా. ఇలా పడుతూ లేస్తూ తిరుగుతారని తెలిస్తే ముందే వచ్చేదాన్ని. రండి, మోచెయ్యి గీరుకుపోయింది, కడుగుదాం."

అందరికంటే ముందు నాన్నే నవ్వారు. తర్వాత అంకుల్... ఆ నవ్వులో కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను.

ఆ తర్వాత ఆంటీ దోహాలోనే ఒక బడిలో ఉద్యోగం చూసుకుని ఉండిపోయింది. అంకుల్ హాయిగా ఓడిపోతూ వచ్చాడు. గెలిచాడా ఎప్పుడైనా అంటే... మూడోవాడిగా వచ్చాడొకసారి, అదీ ముందువాడి బండి ఆగిపోయి. ఆ రోజు మాకందరికీ బిర్యానీ. కొన్నాళ్ళకి ఆ నేల మీద ఇళ్ళు లేచాయి, ఆట ఆగిపోయింది, వాళ్ళు కాకినాడ వెళ్ళిపోయారు.

ఇప్పటికీ అప్పటి పిల్లలం ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. శుక్రవారం వస్తే చాలు, అందరికంటే చెత్తగా నడిపింది ఎవరని కొట్లాట. వెనక్కి చూసి చూసి పడిపోయే పొడుగు ఇంగ్లీషాయనా, మా అంకులా? నిమల్ పేరు మాత్రం ఎవరికీ ముందుగా గుర్తు రాదు... అన్ని కప్పులు గెలిచిన మనిషి!

నేనిప్పటికీ దోహాలోనే ఉన్నాను. పోయిన శీతాకాలం మా అబ్బాయిని ఇక్కడి పెద్ద సర్క్యూట్‌లో బైకు పందాలకి తీసుకెళ్ళాను. దీపాలు, తెరలు, మెరిసే బళ్ళు... గెలిచేదెవరో తేలగానే వాడు లేచి "పద మమ్మీ, ట్రాఫిక్ అవుతుంది" అన్నాడు. చివరివాడు ఇంకా ట్రాక్ మీదే ఉన్నాడు. నేను కదల్లేకపోయాను. ఆయన వచ్చి గీత దాటేదాకా నిలబడి చప్పట్లు కొట్టాను... చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోతున్నాయి.

మీ చిన్నప్పుడు మీరు గొంతు చించుకుని అరిచినా ఒక్కసారీ గెలవని మనిషి ఎవరు? పేరు చెప్పండి... ఇక్కడైనా ఒకసారి అందరం పిలుద్దాం.