నా దారికి అడ్డం నిలిచిన సోములమ్మ

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, అరకు కొండల్లో ఉపదేశిగా ఉంటూ నేను తాగుబోతునయ్యానని చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గుపడను, పడవలసినదంతా ఆనాడే పడ్డాను. మన్యం జ్వరానికి మందని ఎవరో ఇప్పసారా ఒక గుక్క పోశారు, జ్వరం వదిలింది గాని మందు వదల్లేదు. ఆదివారం తాగుడు మీద ప్రసంగించి, గొంతు ఎండిందని ఇంటికొచ్చి తాగేవాణ్ని. నా భార్య శాంతమ్మ చూసి చూసి, నువ్వు మానేవరకు కొండ ఎక్కనని పసిబిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మానాలని నేను చేయని ప్రార్థన లేదు. చక్కని గ్రంథ భాషలో చేసేవాణ్ని, ఆమెన్ అనగానే చెయ్యి వెదురు గొట్టం మీదికి పోయేది. కొండవాళ్లు మంచినీళ్లు మోసుకునే గొట్టమది, అందులో సారా దాచుకుంటే ఎవరికీ అనుమానం రాదు.

ఆ చైత్రమాసంలో, నా సంగతి చెవినపడి పాస్టరుగారు స్వయంగా వచ్చారు. నిజమని తేలితే పని పోతుంది, శాంతమ్మ ఇక రాదు. ఆయన్ని పక్క గూడేనికి తీసుకుపోతున్నాను, గొట్టం భుజాన ఉంది. అంత దూరం అది లేకుండా నడవలేను మరి.

అవి కొండవాళ్ల చైత్ర పండుగ రోజులు. రోజుల తరబడి సాగే ఆ పండుగకు మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పెడతారు. ఏదైనా ఇవ్వాలి, లేదా వాళ్లతో ఆడాలి, అందాకా దొరనైనా కదలనివ్వరు. పాస్టరుగారు బెల్లం ముక్క ఇచ్చి బయటపడ్డారు. మన బోధ ఎన్నడూ చెవిన పెట్టని సోములమ్మ అనే ముసలామె నా గొట్టం వైపు చూసింది.

“అందులో ఏటుంది పంతులూ?”

“తేనె,” అన్నాను.

“అయితే తేనే పొయ్యి.”

“అది పాస్టరుగారి కోసం.”

ఆ మాటకు పాస్టరుగారు సంతోషించారు.

“అయితే ఆడు,” అంది సోములమ్మ.

ఆడాను సహోదరులారా. అటొకరు ఇటొకరు నడుం పట్టుకుని వాళ్ల ధింసా ఆటలోకి లాగారు, మూడో గంతుకే మూత ఊడి సారా తిన్నగా పాస్టరుగారి తెల్లకోటు మీద పడింది. ఆయన కోటు వాసన చూశారు, నన్ను చూశారు, ఇప్పుడే కొండ దిగిపొమ్మన్నారు.

దుంగ మాత్రం కదల్లేదు. “కిందకి తోలేత్తే తాగి సత్తాడు, నా పెనిమిటి అలాగే పోనాడు. పండగెల్లేదాకా నా ఇంటికాడ ఉంతాడు,” అంది సోములమ్మ. ఆవిడతో వాదించడం పాస్టరుగారి వల్ల కాలేదు.

వణుకుతూ, వాంతులు చేసుకుంటూ ఆ గుమ్మంలో పడున్నాను. పిల్లవాడికి పోసినట్టు అంబలి పోసేది. పొద్దున్నే వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంతో అనేది: “పల్లపోళ్ల దేవుడా, నీ పేరు నాకు సరిగా తెలీదు. ఈడు నీ మనిసంట. నీ మనిసిని నువ్వు సూసుకోవా? బేగి రా, నాకు పోడు పనుంది.”

బాప్తిస్మం లేనివారి ప్రార్థన దేవుడు వినడని ఆ గూడెంలోనే బోధించినవాణ్ని నేను. ఆయన విన్నాడు. పండుగ వెళ్లేసరికి ఆ దాహం నన్ను విడిచింది. పాస్టరుగారు నా నోరు వాసన చూసి మరీ శాంతమ్మకు ఉత్తరం రాశారు. ఆమె కొండెక్కి, నా ఇంటికి రాకుండా ముందు సోములమ్మ ఇంటికి పోయి బిడ్డను ఆవిడ ఒడిలో పెట్టింది. నేను గోడ చాటున నిలబడి ఏడ్చాను.

ఇప్పటికీ మనసు లాగిన రోజున నేను నా ప్రార్థన మీద ఆధారపడను. ఆవిడ దగ్గరికి పోయి, నా కోసం ఆయనతో ఒక మాట చెప్పమ్మా అంటాను. నాలా నలుగుతున్న సహోదరులారా, మీకోసం కూడా దేవుడు ఎక్కడో ఎవరినో ఉంచే ఉంటాడు, వారెవరని చూడకుండా నమ్మి వెళ్లండి. దేవునికే మహిమ.