పోటు వేళ తూము దించమన్నదెవరు?

ఆ రోజు తప్పు నాదే. శుద్ధి చేసిన నీళ్లలో క్లోరిన్ ఇంకా మిగిలి ఉందని తెలిసీ, గుడివాడ బస్సు అందుకోవాలన్న తొందరలో వాల్వు తిప్పేసి వెళ్లిపోయాను. దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

తొంభైల చివర్లో బందరు శివారున, చెత్త డంపు పక్కన చిన్న ప్లాంటు నడిపేవాణ్ణి. కుప్పల కింద ఊరే నల్లటి నీళ్లను ట్యాంకులో పట్టి, ఎలక్ట్రోడ్ పలకలు దించి కరెంటు పంపేవాళ్లం. నీళ్లలోని ఉప్పే క్లోరిన్‌గా మారి, అమ్మోనియానీ రంగునీ విరగ్గొట్టేది. డికాక్షన్‌లా ఉన్నది తేటపడేది. పద్ధతి మంచిదే, ఇవాళ్టికీ ధైర్యంగా చెప్తాను. కాకపోతే చేపలకీ రొయ్యలకీ క్లోరిన్ విషం, అది పోయేదాకా నీళ్లు ఎండలో నిలవుంచాలి. కాలవ నీళ్లు సముద్రంలోకి లాగే ఆటు వేళ చూసి వదలాలి.

పోటు వేళ అదే కాలవ నీళ్లను కోటేశ్వరరావు తూమెత్తి తన రొయ్యల చెరువులోకి పెట్టుకునేవాడు. నాకంటే పెద్దాయన. అయినా "ఏమయ్యా" అనే పిలిచేవాణ్ణి. ముందు పంట తెగులుకి పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవాల్సిందే.

గుడివాడలో బస్సు దిగాక గుర్తొచ్చింది, అది పోటు వేళ అని. చెరువు దగ్గర ఫోను లేదు. వెంటనే తిరుగు బస్సెక్కాను.

వచ్చేసరికి కాలవలో చేపపిల్లలు తెల్లగా తేలుతున్నాయి. చెరువు తూము మాత్రం మూసి ఉంది.

"మళ్లీ వచ్చారేంటి ఇంజినీరు గారూ? మీరు చెప్పగానే దించేశానుగా!" అన్నాడు కోటేశ్వరరావు.

"నేనెప్పుడు చెప్పాను?"

"బాగుందండీ! పసుపు హెల్మెట్ పెట్టుకుని, ఎదరగట్టు మీద నిలబడి, 'మావయ్యా, తూము దించెయ్' అని గొంతు చించుకున్నారు కదా. ఎప్పుడూ లేని మర్యాదేంటా అని నేనూ మా ఆవిడా నవ్వుకున్నాం కూడా."

ఎప్పుడని అడిగితే ఆయన చెప్పిన వేళకి నేను గుడ్లవల్లేరు దాటిన బస్సులో ఉన్నాను. హెల్మెట్ షెడ్డులో ఉంది. షెడ్డు తాళంచెవి నా జేబులో, బస్సు టికెట్టుతో పాటే ఉంది. ఆ రోజు ప్లాంటులో నేను తప్ప ఇంకెవరూ లేరు.

అక్కడే నిలబడి అంతా ఒప్పుకున్నాను. ఆయన కాలవలో తేలుతున్న చేపపిల్లల వైపు చూశాడు.

"చెరువు బతికింది కాబట్టి సరిపోయింది. లేకపోతే మిమ్మల్ని మీ ట్యాంకులోనే ముంచేవాణ్ణి."

పిలిచిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు. నేను పిలవాల్సిన పిలుపే అది అని మాత్రం తెలుసు.

పైవాళ్లకి నా తప్పు రాసిచ్చాను. నీళ్లు నిలవుంచడానికి ఇంకో ట్యాంకు కట్టించాను. వాల్వుకి తాళం వేసి, చెవి కోటేశ్వరరావు చేతిలో పెట్టాను. అప్పటినుంచి నీళ్లు వదలాల్సిన ప్రతిసారీ ఎదరగట్టు మీద నిలబడి, "మావయ్యా" అని గట్టిగా పిలిచేవాణ్ణి.