ఆవకాయ మీద కేసు

ఫెడరల్ కోర్టులో ఆవకాయ గురించి వాదించుకుంటారని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. తొంభైల మొదట్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆ భాగ్యం మాకే పట్టింది. కానింగ్ వేల్‌లో చిన్న షెడ్డు తీసుకుని నేనూ మా ఆయనా పచ్చళ్ల కంపెనీ పెట్టాం. షెడ్డు కోసం ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టాం. మా సరుకు ఒక హోల్‌సేల్ కంపెనీకి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదని కాంట్రాక్టు.

క్రిస్మస్‌కు చర్చిలో ఇంటికో సీసా ఇవ్వడం మా అలవాటు. పదిమందికీ పెట్టకుండా తినడం గుంటూరు వాళ్లం మాకు చేతకాదు. ఆ ఏడు చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్లకు పంచమని రెండు పెట్టెలు ఒక సంఘపెద్దకు అప్పగించాం. మా ఆయన్ని నోరారా అన్నా అని పిలిచేవాడు. ఆ మహానుభావుడికి కిరాణా కొట్టుంది. సీసాలు క్వయర్‌కు చేరలేదు, కొట్లో అరల మీదకు ఎక్కాయి. హోల్‌సేల్ వాళ్ల కంట పడ్డాయి. కాంట్రాక్టు తప్పామని మా మీద దావా వేశారు.

"మీరు ఊరికే ఇచ్చారు, అతను అమ్ముకున్నాడు. ఆ మాట చెబితే గట్టెక్కుతారు" అన్నాడు మా లాయరు. నిజం చెప్పడమేగా, కష్టమేముంది అనుకున్నాను.

కోర్టులో మా ఆయన బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. ఆ సంఘపెద్ద వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య, చుట్టూ చర్చి వాళ్లు. మాకు ఆదరణగా వచ్చారట, తమాషా చూడ్డానికి కాదట.

"ఆ సీసాలు మీరే అతనికి అమ్మారా?" అని అవతలి లాయరు అడిగాడు.

మా ఆయన ఆ బెంచీ వైపు చూశాడు. "అమ్మాను" అన్నాడు. మా లాయరు కలం కింద పెట్టేశాడు.

బయట మెట్ల మీద సంఘపెద్ద భార్య నన్ను వాటేసుకుంది. "దేవుడికి స్తోత్రం వదినా, అన్నయ్య మా పరువు నిలబెట్టాడు." నేను ఆమెను తోసెయ్యలేదు. అందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కేసు పోయింది. షెడ్డు పోయింది. ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు, ఎందుకలా చెప్పారని అడిగాను.

"అందరి ముందూ వాణ్ణి దొంగని ఎలా అననే? అన్నా అని పిలుస్తాడు కదా."

"నేను ఏమని పిలిచుంటే మన ఇల్లు మిగిలేదండీ?"

ఆయన అట్టపెట్టెకు టేపు అంటిస్తున్నాడు. నేను మళ్లీ అదే అడిగాను.